కోత

ఉమ్ అల్ కువైన్ల శుక్రవారం మధ్యాహ్నం
మనుషులు ఏసీల కింద ముడుచుకుంటరు,
పడవలే ఎండల నిలబడుతయి.
వాటికి కాపలా నేను.

చిన్నదాని ఇంజను ఒకసారి తిప్పి చూడుమని
ఖల్ఫాన్ సేటు ఫోన్ల చెప్పిండు.
ఒడ్డుకు కట్టేసే తిప్పుమన్నడు.
కట్టు విప్పింది నేనే.
ఏడేండ్ల నుంచి నీళ్ల పక్కన బతుకుతున్న,
ఒక్కనాడన్నా నీళ్ల మీద,
ఎవ్వల సామాను మొయ్యకుండ, ఎవ్వల మాట ఇనకుండ
అట్ల పోబుద్ధయింది.

మడచెట్లు దాటిన. గులాబి కొంగలు దాటిన.
ఖోర్ మూతి దాటినంక
నీళ్లు మా బాయి నీళ్ల రంగుకొచ్చినయి.
ఆ రంగు చూసి సంబరపడ్డ.
తప్పు అక్కడ్నే చేసిన.

ఇంజను దగ్గింది, ఆగింది.
ఎవడో పారేసిన వల ముక్క రెక్కకు చుట్టుకున్నది.
లంగరు ఇడిచిన. అంచు మీద బోర్లా వంగి
చేతుల్తోనే పీకుతున్న.
ఎవరిదో పెద్ద బోటు, పాటలు మోగించుకుంట
పక్క నుంచి ఉరికింది. అది నన్ను చూడలే.
దాని అల చూసింది.

నీళ్లు మొదలు చెవుల్లకు వచ్చినయి.
పైకి తేలేసరికి పడవ పది బారల దూరం.
నేను లేకుండనే పోతున్నది,
బరువు దించిన బండి లెక్క.

నాకు ఈత వచ్చు.
భూమయ్య కాక నడుముకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టి
చిన్నప్పుడే బాయిలకు తోసిండు.
బాయిల ఈతంటే గుండ్రంగ తిరుగుడు,
అలిసినప్పుడు గోడ రాయి పట్టుకునుడు.
ఇక్కడ ఎంత ఈదినా రాయి రాదు.
నేను బార వేస్తే పడవ బారన్నర పోతున్నది.
లైఫ్ జాకెట్ దాంట్లనే ఉన్నది,
పొద్దున తలకింద పెట్టుకొని పండుకున్న.
దాని నారింజ అంచు కనబడుతున్నది కూడ.

సచ్చేముందు అందరు యాదికొస్తరంటరు.
నాకు ఎవ్వలు రాలే.
పొయ్యి మీది పప్పు యాదికొచ్చింది.
గ్యాస్ బంద్ చేసిన్నా, లేదా?
ఆ ఒక్క ప్రశ్న పట్టుకొని ఈదిన,
పట్టుకునేతందుకు ఇంకోటి లేక.

అప్పుడు, ఎవరో పిలిచినట్టు పడవ ఆగింది.
ముక్కు గాలికి తిప్పి నిలబడ్డది.
ఇసుకల జారుకుంట వచ్చిన లంగరు
కింద దేనికో తగిలింది.
నాకు దొరకని రాయి
దానికి దొరికింది.

అంచు అందినంక ఎక్కేందుకు బలం లేదు.
ఎంతసేపు వేలాడిన్నో తెల్వదు.
మోచేతి తోలు ఊడింది. ఎక్కిన. కక్కిన.
ఇనేటోళ్లు లేరని గట్టిగ ఏడ్చిన,
నడిమిట్ల నవ్వొచ్చింది, మళ్ల ఏడ్చిన.

పొద్దు గుంకుతున్నది. లంగరు గుంజితే రాదు.
ఇటు గుంజిన, అటు గుంజిన, బతిమాలిన.
పట్టిన పట్టు ఇడుస్తలేదు.
ఉల్లిగడ్డలు కోసే కత్తితో తాడు కోసిన.
కోస్తుంటే చేతులు వణికినయి,
చలికే అనుకున్న.
వల ముక్కను కూడ అదే కత్తి కోసింది.
ఇంజను మూడోసారికి అందుకున్నది.

రూమ్ల గ్యాస్ బంద్ చేసే ఉన్నది.
పప్పు సల్లబడ్డది. తిన్న.
మోచేతికి ఏమైందని శంసుల్ అడిగిండు.
మెట్ల మీద జారిన, అన్న.
ఇంటికి ఫోన్ చేసి వానలు పడ్డయా అని అడిగిన.

నెలాఖరుకు జీతం కాయితం వచ్చింది.
కోత: లంగరు ఒకటి, తాడు ఇరవై మీటర్లు,
నూట నలభై దిర్హంలు.
ఎట్ల పోయిందని సేటు అడగలే, నేను చెప్పలే.
సంతకం పెట్టుమంటే పెట్టిన.
పాస్‌పోర్టు వాళ్ల దగ్గరుంటది,
ఆ కాయితం మాత్రం నా దగ్గరున్నది,
దిండు గలీబుల, నాలుగు మడతలు.

గాలి ఎక్కువైన రాత్రి
మంచం ఇనుప పట్టీ పట్టుకొని పండుకుంట.
ఖోర్ మూతి బయట, నీళ్ల కింద,
తాడు తెగిన సంగతి తెల్వక
అది ఇంక గట్టిగనే పట్టుకొని ఉంటది.