పదకొండో నిమిషం

రోహిణి కార్తె. ఆటోనగర్లో
రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం రెండు.
కింద పెట్టిన పానా మళ్ళీ అందుకోవాలంటే
చేతికి గుడ్డ చుట్టుకోవాల్సిందే.
ఇలాంటి ఎండే కావాలన్నాడు సిలారు మేస్త్రి.
"చల్లటి పూట ఈ దొంగ బయటికి రాడురా."

బండి గుంటూరు మిషన్ ఆసుపత్రిది.
లారీ వెనక తాడు కట్టి లాక్కొచ్చారు.
ముక్కు పొడుగాటి పాత వ్యాను,
తలుపు మీద ఎర్ర శిలువ సగం పెచ్చులూడింది.
డ్రైవరు హిజ్కియా, రావద్దన్నా వచ్చాడు,
సీట్లోంచి దిగలేదు.

జరిగింది ఇంతే.
కొలనుకొండ గేటు దగ్గర రైలు కోసం ఇంజను ఆపాడు.
వెనక నొప్పులు పడుతున్న మనిషి.
రైలు పోయింది. గేటు లేచింది.
ఇంజను లేవలేదు.
నలభై నిమిషాలు.
తల్లి దక్కింది.
మిగతాది అతను చెప్పలేదు, మేం అడగలేదు.
మంచి పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు కలిపాడని
కమిటీ కాగితం మీద రాసి పెట్టింది.

మొదట జ్వరం చూసే గాజుపుల్ల దించాం.
నలభై రెండు దాటి టప్పున పగిలింది.
అప్పుడు మా చిన్నాన్న పాల ఫ్యాక్టరీ నుంచి
వెన్న వాసన కొట్టే పొడుగు థర్మామీటరు
సాయంత్రానికి తిరిగివ్వాలన్న మాట మీద తెచ్చాడు.
కార్బురేటరు మూతకి బెజ్జం వేసి
ఫ్లోటు గిన్నెలోకి దాన్ని వదిలాడు మేస్త్రి,
ఊపిరి బిగబట్టి.
ఇసక బకెట్టు నా కాళ్ళ దగ్గర.
బీడీలు తాగేవాళ్ళు మూడు షెడ్ల అవతల.
సిగరెట్ పెట్టె అట్ట వెనక
నేను అంకెలు రాయాలి, అదే నా పని.

అరగంట ఇంజను తిరిగింది. నలభై ఏడు.
ఫ్యాను గాలి, ట్యాంకు నుంచి కొత్త పెట్రోలు,
ముల్లు కదల్లేదు, బండికి ఏ రోగమూ లేదు.
"ఇప్పుడు ఆపు" అన్నాడు.

ఆపాక మొదలైంది.
యాభై ఒకటి. యాభై అయిదు.
ఫ్యాను లేదు, ఇంజను ఒంట్లో దాగిన వేడంతా
తీరిగ్గా పైకి పాకుతోంది.
యాభై తొమ్మిది.
పంపు కింది గాజు గిన్నెలో
ఆవగింజంత బుడగ ఒకటి,
దాని వెనక ఒకటి,
తర్వాత లెక్క తప్పింది.
పదకొండో నిమిషానికి అరవై ఆరు.
గిన్నెలో పెట్రోలు లేదు, కుతకుత ఉంది.
సెల్ఫు కొడితే ఇంజను దగ్గింది, అంతే.

"గాలిని తోడుతోందిరా పంపు."

అక్కడితో ఆగితే సిలారు మేస్త్రి కాదు.
ట్యాంకు ఖాళీ చేసి
ఈసారి తనే కిరసనాయిలు కలిపాడు, పావు వంతు.
అదే ఎండ, అదే అరగంట, అవే పదకొండు నిమిషాలు.
గాజు గిన్నెలో బుడగలు రెండో మూడో.
సెల్ఫు కొట్టగానే
నల్లటి పొగ కక్కుతూ, బూతులు తిడుతున్నట్టు,
లేచింది.

షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు.
"కల్తీ చేసుంటే కదిలేది" అన్నాడు మేస్త్రి,
హిజ్కియా వైపు చూడకుండా.
"నిఖార్సైన పెట్రోలు. అందుకే మరిగింది."

అప్పుడు దిగాడతను.
నా చేతిలో అట్ట తీసుకుని
ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివాడు.
"ఆ రోజు ఆపకుండా ఉంటే?"

మేస్త్రి డాల్డా డబ్బా చీల్చి రేకు సాపు చేస్తున్నాడు,
సైలెన్సరుకీ కార్బురేటరుకీ మధ్య అడ్డం పెట్టడానికి.
సుత్తి దెబ్బలు కొంచెం గట్టిగా పడ్డాయి.
అతను మళ్ళీ అడగలేదు.
అట్ట మడిచి జేబులో పెట్టుకున్నాడు.
దాన్ని కమిటీకి చూపించాడో లేదో
నాకిప్పటికీ తెలీదు.

చీకటి పడేలోగా థర్మామీటరు తిరిగివ్వాలి.
కుళాయి కింద సబ్బు పెట్టి మూడుసార్లు తోమాను,
ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను.
వెన్న వాసన పోయింది.
పెట్రోలుది పోలేదు.