ఉపాధి

చేపాక్‌లో ఫిలాసఫీ సీటు వచ్చిందంటే
కోదండపాణి బాబాయి కాఫీ గ్లాసు కింద పెట్టి
"దాంతో ఉపాధి ఏముంటుందమ్మా?" అన్నాడు.
పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో
పిల్లలందరూ ఏదో ఒకటి బిగించడమో విప్పడమో
నేర్చుకుంటున్న రోజులు.
నా దగ్గర జవాబు లేదు.

తర్కం క్లాసులో ఆండాళ్ మేడం
బోర్డు మీద కొండ గీసింది, కొండ మీద పొగ.
కిటికీలోంచి ఉప్పుగాలి
సుద్దపొడిని మా మొహాల మీదికి తోసింది.
"పొగ ఉంటే నిప్పుంది, సరే.
నిప్పుంటే పొగ ఉండాలా?"
ఉండాలన్నాం. మేమున్నదే ఆరుగురం.
ఎర్రగా కాలిన ఇనపగుండుని అడిగి చూడమంది.
కట్టెలో తడి ఉంటేనే నిప్పుకి పొగ.
ఆ తడికి, లోపల దాక్కున్న ఆ షరతుకి
శాస్త్రంలో పేరు ఉపాధి.
ఫక్కున నవ్వాను. ఎందుకో ఎవరికీ తెలియలేదు,
ఆ గదిలో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే.

ఇప్పుడు మౌంట్ రోడ్డులో ఒక బీమా కంపెనీ
కాలిపోయినవాటిని చూసి రమ్మని
నెలనెలా జీతమిస్తుంది.

వ్యాసర్పాడిలో పాతకాగితాల గోడౌన్.
మునిరత్నం బూడిదలో నిలబడ్డాడు,
చేతిలో పాలసీ, నాలుగు మడతల్లో.
ఆఫీసు ముందే అనేసుకుంది:
అప్పులున్నాయి, కాబట్టి తనే అంటించుకున్నాడు.
కిరోసిన్ డబ్బా దొరికింది కూడా.
దొరికింది. కాదనను.
కాకి వాలడమూ నిజమే, తాటిపండు రాలడమూ నిజమే.

వాచ్‌మన్‌ని అడిగింది ఒకటే, పొగ ఏ రంగు?
"తెల్లగా అమ్మా. రాత్రి ఒంటిగంట నించీ.
మంట లేచింది తెల్లారాక."
పైన రేకులో చిల్లు.
దాని కింద నవంబరు వాన తాగి బరువెక్కిన కట్టలు.
పక్కనే స్విచ్చుబోర్డు, దాని మీదుగా ఓ నీటిచార.
కిరోసిన్‌కి అంత ఓపిక ఉండదు.

పదకొండు పేజీలు రాశాను.
మేనేజరు కళ్లజోడు తీసి
"మీది ఏ ఇంజనీరింగ్ కాలేజీ?" అన్నాడు.
ఎదురుగా సముద్రం ఉండేది సార్, అన్నాను.
రెండు పేజీలు కొట్టేశాడు.
మునిరత్నానికి అడిగినదాంట్లో సగంకన్నా కాస్త ఎక్కువే వచ్చింది.
నాకు థాంక్స్ చెప్పలేదు,
చెప్పాలని పాలసీలో ఎక్కడా లేదు.

చదువు ఉద్యోగమిచ్చిందా అంటే, ఇవ్వలేదు.
ఇంటర్వ్యూలో నా డిగ్రీ పేరు చదివి ఒకాయన దగ్గాడు.
స్టెల్లా ఆస్పత్రిలో
ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టించే కాగితాలు
మనుషులకి అర్థమయ్యేలా తిరగరాస్తోంది.
పరంధామన్ ఇంకా ట్యూషన్లే చెబుతున్నాడు.
నాకు దొరికిందల్లా
'కాబట్టి' అనేముందు ఒక్క క్షణం ఆగడం.
దానికి ఇంక్రిమెంటు వేరే లేదు.

ఆ సాయంత్రం జీవా స్టేషన్లో రైలెక్కాను.
పక్కన కూర్చున్నావిడ నా జుట్టు వాసన పసిగట్టి
పెట్టె అంతా
నిప్పు కోసం వెతుక్కుంది.