చెల్లని ఐదు క్రెడిట్లు

యూనివర్సిటీ నుంచి ఉత్తరం రాలేదు,
పట్టిక వచ్చింది.
ఎడమ పక్క నేను చదివినవి,
కుడి పక్క వాళ్లు ఒప్పుకున్నవి,
నడుమ గోరుతో గీసినంత గీత.

బీజగణితం చెల్లుతుంది.
దానికి మూడుసార్లు ఫీజు కట్టానన్న సంగతి అందులో లేదు.
రసాయన శాస్త్రం, ల్యాబుతో సహా, చెల్లుతుంది.
వ్యాసరచన చెల్లుతుంది.
వెల్డింగ్, ఐదు క్రెడిట్లు: చెల్లదు.

పైన నా పేరు మాత్రం
ఒక్క అక్షరం తప్పు లేకుండా రాశారు.
ఒఫీలియా టినోకో.
ఈ ముప్పై ఒక్క ఏళ్లలో అలా జరగడం అరుదు.

లిండ్‌క్విస్ట్ సార్‌కి చూపిస్తే
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చదివారు.
"ఐదేగా పోయింది," అన్నారు.

ఐదే.
యాకిమాలో యాపిళ్లకి మైనం పూసే షెడ్డులో
రాత్రి పని దిగి,
వేళ్ల మధ్య ఆ జిగురు ఇంకా వదలకుండానే
ఏడింటి క్లాసుకి మంచులో నడిచిన చలికాలం
ఏ గడిలో రాయాలి సార్?
అడగలేదు.
గడుల సంగతి నాకు నేర్పింది ఆయనే.

మా కాలేజీ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే
ముందు పార్కింగ్ గురించి చెబుతాను,
భవనాల కంటే అదే పెద్దది.
అక్కడ అందరం సగం సగం మనుషులం,
మిగతా సగం ఎక్కడో డ్యూటీలో ఉండేది.
మార్వెల్లా పిల్లాడిని బుట్టతో సహా బల్ల కింద పెట్టుకుని
కాలితో ఊపుతూ పరీక్ష రాసేది.
లారీ అమ్మేసి వచ్చిన అరవై రెండేళ్ల వర్జిల్
ప్రతి క్లాసులోనూ "ఇది దేనికి పనికొస్తుంది?" అనేవాడు.
ఎవరూ నవ్వేవాళ్లు కాదు.
మాకూ అదే తెలియాలి.

సెప్టెంబరు ఆఖర్న చెల్లెలు నయేలీ ట్రక్కులో దింపింది.
కనుమ దగ్గర వాన. పనిచేసే వైపర్ ఒక్కటే, అదీ నా వైపుది.
తను తల పక్కకి వంచి నా అద్దంలోంచి రోడ్డు చూస్తూ నడిపింది,
ఆ వంపు నా మెడలో ఇంకా నొప్పిగా ఉంది.
వెనకాల పరుపు, కుక్కరు, వెల్డింగ్ ముసుగు.
ముసుగు ఎందుకని తను అడగలేదు.
కొండలు దాటాక గాలిలో దుమ్ము పోయింది,
ఊపిరి తేలికైంది,
నాకది నచ్చలేదు.

ఇక్కడ నేను మూడో ఏడాది,
మొదటి రోజు.
క్యాంటీన్‌కి దారి అడిగితే పందొమ్మిదేళ్ల కుర్రాడు
"ఫస్టియరా?" అన్నాడు. వెంటనే నా మొహం సరిగా చూసి
"సారీ మేడమ్, మీరు ప్రొఫెసరా?" అన్నాడు.
ఆ రెంటికీ మధ్యలో ఉండేదాన్ని ఏమంటారో నాకూ తెలీదు.
అందుకే "అవును," అన్నాను.

హాల్లో మూడొందల మంది.
పైనుంచి చూస్తే ప్రొఫెసరు బొటనవేలంత.
"ఇది మీ అందరికీ కిందటేడే వచ్చేసి ఉంటుంది," అంటూ
ఒక సమీకరణాన్ని చెరిపేశాడు.
నాకు రాలేదు.
బోర్డు మీద మిగిలిన తెల్లటి మరకలోంచి
ఆనినంత దించుకున్నాను.

మొదటి పరీక్షలో నలభై నాలుగు.
నయేలీకి చెప్పలేదు.
లిండ్‌క్విస్ట్ సార్‌కి ఫోన్ చేసి చెప్పాను.
అవతల కాసేపు ఏమీ వినబడలేదు,
తర్వాత సొరుగు తెరిచిన చప్పుడు.
"పెన్సిలుందా? రాసుకో," అన్నారు.

శుక్రవారం ల్యాబులో నా స్టూలు కదులుతోంది.
వంగి కాలు చూశాను.
ఎవరో తొందరపడి అతికారు,
లోహం పూర్తిగా కరగకముందే చెయ్యి జరిపేశారు.
పైకి నునుపే, లోపల పట్టు లేదు.
వేలితో తడిమాను.
ఇదిగో, ఇక్కడ విరుగుతుంది,
ఈ టర్మ్ కాకపోతే వచ్చే టర్మ్.
పక్కమ్మాయి కూడా వంగి నేల వెతుకుతూ
"ఏం పోయింది?" అంది.
ఏం పోలేదన్నాను.

స్టూలుని గోడవారకి లాగి, తిరగేసి,
"కూర్చోవద్దు" అని కాగితం అంటించి,
నిలబడే
బర్నర్ వెలిగించాను.