మూడు పళ్ల గొర్రు

సిరొంచ బస్టాండు ఎనుక
జిరాక్స్ దుకాణం పక్క గది నాది.
ఆరు మీటర్ల గది దొరకలేదు.
మూడు మీటర్ల గోడకు అద్దం బిగించి
దూరాన్ని మడతపెట్టుకున్న.

అద్దంల పట్టిక.
తెలుగుల రాస్తే బడికి పోయే పిల్లలకు రాదు,
మరాఠీల రాస్తే వాళ్ల తల్లులకు రాదు,
అడవి లోపటి నుంచి దిగొచ్చిన మాడియా ముసలమ్మకు
రెండూ ఒక్క తీరు గీతలే.
అందుకే ఏ బడీ నేర్పని గుర్తు ఒక్కటే పెట్టిన:
ఒక వెన్ను, మూడు కాళ్లు.
"కాళ్లు ఎటున్నయో వేళ్లతోని చూపియ్యి."

దుర్గం పోశుబాయి నవ్వింది.
"ఇది గొర్రు గదనే బిడ్డా!"
కిందికి, కుడికి, మళ్ల కిందికి…
పైకి తిరిగినదాని కాడ ఆగింది.
"గిట్ల పట్టుకోని మొగుల్ల ఇత్తనం ఏస్తరా?"

దూరం మంచిగనే ఉంది. పోయింది దగ్గరే.
ఎండకాలం తునికాకు కడతది,
కట్టకు డెబ్బై ఆకులు.
రెండేండ్ల సంది కల్లంల ఆమె కట్టలు పక్కకు పడుతున్నయ్.
"పురుగు తిన్నది పెట్టినవ్ అంటడు మున్షీ.
నాకైతే ఆకు ఆకులెక్కనే కనబడుతది."

చదువు రాని చేతికి చదివే పట్టిక ఎందుకు?
సొరుగుల దాచిన ఎండు తునికాకు ఇచ్చిన.
ప్లస్ ఒకటి. ఒకటిన్నర. రెండు.
బొటనవేలు ఒక్కచోట ఆగింది.
సూదిమొన అంత బొక్క.
ఏమనలేదు. ఆకు తిప్పింది. ఇంకోటి.
"మున్షీ అబద్ధమాడలేదు పో" అన్నది,
తప్పు ఒప్పుకున్నట్టు కాదు,
దొంగ దొరికినట్టు.

ఆశ్రమ బడిల ఆత్రం లాల్సు
ఎనుక బల్ల మొద్దు అని పేరు.
మైనస్ రెండున్నర పెట్టుకోని బయటికి పోయి
కరెంటు స్తంభం కింద చానాసేపు నిలబడ్డడు.
వచ్చి మెల్లగ అడిగిండు:
"ఆ తీగలు ఎప్పటి సంది ఉన్నయ్?"
అన్ని రోజులూ వాడు
పిట్టలు గాలి మీదనే కూసుంటయనుకున్నడు.
అట్ల అనుకున్నోడు మొద్దెట్లయితడు?

ఓదేలుది వేరే.
వంతెన పడకముందు ప్రాణహిత మీద పడవ నడిపినోడు.
ఆఖరి వరుస దాక తప్పు లేకుంట చూపిండు.
"అద్దాలు అక్కర లేవు గద" అని లేచి
తలుపు చెక్కకు భుజం కొట్టుకున్నడు.

ఆ చప్పుడు నాకు నచ్చలేదు.
మళ్ల కూసోబెట్టి, నా ముక్కు చూడుమని
వేళ్లు చెవి పక్క నుంచి ముందుకు తెచ్చిన.
చానా దగ్గరికొచ్చినంక గాని "ఆఁ" అనలేదు.
కంటి లోపల, నరం మొదట్ల,
ఎండకాలం తోడి తోడి ఇడిసిన చెలిమె.
ప్రెషర్ ముప్పై నాలుగు.

నేను కోసేదాన్ని కాను.
కోసేటోళ్లు నది అవతల, రెండు బస్సుల దూరం.
ఆ రెండు బస్సులు ఎక్కిచ్చుడే నా పని.
"పోయింది మళ్ల వస్తదా?"
"రాదు."
నాలుగేండ్లు చదివిన,
ఈ ఒక్క మాట ఎవరూ నేర్పలేదు.
"ఉన్నది నిలుస్తది. దినాం చుక్కలు ఏసుకుంటే."
ఓదేలు చేతులు చూసుకున్నడు.
"రెండు ఒడ్లు పోయినయన్నట్టు.
నడుమ నీళ్లు మిగిలినయ్."

చీటీ రాసిన. మూడు సోమవారాలు ఫోన్ చేసిన.
ముగ్గురు వేర్వేరు మనుషులు ఎత్తి
ఓదేలు ఇంట్ల లేడన్నరు.

నాలుగో వారం పోశుబాయి వచ్చింది,
అద్దాలు దారంతోని మెడల కట్టుకోని.
ఓదేలు వాళ్ల వాడకట్టేనట.
"కోడలుతోని బస్సెక్కిచ్చిన. మందు తెచ్చిండు.
కంట్ల పడకుంట అంతా చెంపల మీదనే పోసుకుంటుండె.
ఇప్పుడు నేనే దగ్గర కూసోని చూస్తున్న,
చుక్క ఎక్కడ పడుతదో."

చెప్పుకుంటనే అద్దాలు తీసి
కొంగుతోని రుద్దబోయింది.
"గీతలు పడతయ్!" అని అరిచిన.