తనిఖీ

తాజిమిలో ఆగస్టు మధ్యాహ్నం.
బయట రోడ్డు బట్టీలా కాగుతోంది.
లోపల నా గదిలో చీకటి.
తెల్లటి గిన్నెలాంటి యంత్రానికి గడ్డం ఆనించి
షిగెనో కూర్చుంది. ఎడమ కన్ను మూసి కట్టాను.
చేతిలో బటన్.
"మధ్య చుక్కనే చూడండి.
ఎక్కడ వెలుగు మినుక్కుమన్నా నొక్కండి."
ఏడేళ్ళుగా ఇదే మాట చెబుతున్నాను.
ఏడేళ్ళుగా ఆవిడ ఊఁ అంటోంది, గడ్డం కదపకుండా.

కంటి ఒత్తిడి పద్నాలుగు.
పోయినసారి పదమూడు.
ఎవరు కొలిచినా మామూలే.
అయినా కాగితం మీద నల్లమచ్చ
పైనుంచి, ముక్కు వైపునుంచి,
గోడకి చెమ్మ ఎక్కినట్టు
ఏటా ఒక గింజంత జరుగుతోంది.

"ఒత్తిడి కాకపోతే మరెవరు చంపుతున్నారు నరాన్ని?"
పొద్దున డాక్టర్ని అడిగిందట.
కురిబయాషి గారు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి,
"మీ రోగనిరోధక శక్తే కావచ్చు. ఖాయంగా తెలీదు.
ఎలుకల్లో చూశారు" అన్నారట.

కాక తగిలిన కణం తట్టుకోవడానికి
ఒక ప్రొటీన్ చేసుకుంటుందట.
పేగుల్లోని సూక్ష్మజీవులూ ఇంచుమించు అలాంటిదే చేస్తాయట.
వాటి మీద చదువు నేర్చిన కావలి కణాలు
ఆ పోలిక పట్టుకుని కంటిదాకా వస్తాయట.
ఏ క్రిమీ సోకని పెట్టెల్లో పెరిగిన ఎలుకలకి
ఒత్తిడి పెంచినా నరం చెడలేదట.

ముప్ఫైఎనిమిదేళ్ళు
కసహారాలో టైల్స్ తనిఖీ చేసిన మనిషి షిగెనో.
స్నానాలగదుల నీలం బిళ్ళలు, గోరంతవి,
బెల్టు మీద పారుతూ వస్తుంటే
పగులు, పొక్కు, రంగు తేడా
చూపుడువేలితో ఠక్కున పక్కకి.

ఒక కన్ను అయింది. లైటు వేయబోతుంటే
వద్దని, చీకట్లోనే చెప్పింది:

"ఒకసారి బట్టీలో మసి రాలి సరుకు పాడైంది.
వారమంతా చుక్కపడ్డవే ఏరాను.
పైవారం వచ్చిన సరుకులో
చుక్కలు అందానికి వేసినవి.
నా వేలికి ఆ సంగతి తెలీదు.
సాయంత్రానికి మూడు డబ్బాల మంచివి పారేశాను.
ఎవరూ ఒక్క మాట అనలేదు.
రాత్రి చెత్తగుట్ట దగ్గర
టార్చిలైటు పెట్టుకుని నేనే ఏరుకున్నాను.
సగం పైగా పగిలిపోయాయి."

కాసేపాగి,
"లోపలున్నదీ నాలాంటిదే ఎవరో.
దాన్ని పని మాన్పించమని మాత్రం అడగను.
అది మానేస్తే ఉత్త జలుబుకే పోతాను."

కట్టు మార్చి ఎడమ కన్ను మొదలుపెట్టాను.
నొక్కు. నొక్కు. చాలాసేపు ఏమీ లేదు.
ఉన్నట్టుండి, యంత్రం ఏ వెలుగూ వేయనప్పుడు,
నొక్కింది.
"పై మూల ఒకటి ఉండాలే" అని గొణిగింది.

మా లెక్కలో అది తప్పు నొక్కు.
యంత్రం రాసుకుంది.
నేను ఆవిడ మెడ మీద జారిన తడి తువ్వాలు
సర్ది, ఏమీ అనలేదు.
చుక్కలు మళ్ళీ మొదలయ్యాయి.