మంగళవారం, పది గంటలకి

మళ్ళీ అడిగింది:
కొత్త వెర్షన్ సిద్ధం. ఇప్పుడా, ఈ రాత్రికా,
తర్వాత గుర్తుచేయాలా?
ఇది నలభై ఒకటోసారి.
మర్యాదగానే అడుగుతుంది,
బాకీ వసూలుకొచ్చినవాడు మొదటి నెల అడిగినట్టు.

ట్రియెస్టె ఆసుపత్రి స్విచ్‌బోర్డు దగ్గర
ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్నాను.
ఊరి నొప్పులన్నీ ముందు నా చెవినే పడతాయి.
ఎముకల వార్డు నాలుగు వందల పన్నెండు,
ప్రసూతి ఆరు వందల మూడు.
శవాగారం నంబరు ఎవరూ నేరుగా అడగరు,
గొంతు సవరించుకుంటారు.
నేను కలిపేస్తాను.

అక్కడి కంప్యూటర్ సంగతి వాళ్ళ ఇంజనీర్లు చూసుకుంటారు.
ఇంట్లోది నా మెడకే.
దానికో తెర ఉందంటారు.
నాకది ముక్కుతో మాట్లాడే మగగొంతు,
ఊపిరి తీసుకోదు,
నిమిషానికి నాలుగు వందల మాటలు.
నర్సు ఫెడోరా ఒకసారి విని
కందిరీగల తుట్టె కదిపినట్టుందే అంది.
ఆ తుట్టెలోనే ఉన్నాయి నా కరెంటు బిల్లు,
నా చెస్ పందేలు,
మా చెల్లి రాసే పొడవాటి ఫిర్యాదులు.

ఉదినెలో లివియోకి ఆగడం చేతకాదు.
విడుదలైన రాత్రే నొక్కాడు.
తెల్లారేసరికి మాట పడిపోయింది.
ఫ్యాను తిరుగుతోంది, ఒళ్ళు వెచ్చగా ఉంది,
పలకదు.
పైఅంతస్తు పిల్లాణ్ణి బతిమాలి తెచ్చుకున్నాడు.
వాడు చదివింది ఇంతే:
"నీలంగా ఉంది. ఏదో చక్రం తిరుగుతోంది."
మూడు రోజులు లివియో గోడగడియారం విన్నాడు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత,
చూపున్నవాళ్ళ సామెత అది.
వాళ్ళ కొత్తకి గుండ్రటి మూలలట, గాజులాంటి అంచులట.
నా కొత్తలో
నిన్నటిదాకా 'పంపు' అన్న బొత్తాం
ఉత్త 'బొత్తాం' అంటుంది.
దాని పక్కదీ 'బొత్తాం'. ఆ పక్కదీ.
ముగ్గురు పిల్లలకీ ఒకే పేరు పెట్టి
వీధిలోకి కేకేసినట్టు.

మా ఊళ్ళో బోరా గాలి మనుషుల్ని పడదోస్తుంది.
పూర్వం వీధి మూలల్లో తాళ్ళు కట్టేవారు,
పట్టుకుని నడవడానికి.
కొత్త తాడు కట్టినరోజు పాతది విప్పేవారు కాదట.
నాన్నమ్మ చెప్పేది,
ఒక చేత్తో పాతది పట్టుకుని
రెండో చేత్తో కొత్తదాని మీద బరువు వేసి చూసేవారని.
ఈ యంత్రానికా మర్యాద ఎవరూ నేర్పలేదు.
పాతది కోశాకే
కొత్తది చేతికిస్తుంది.

పోనీ, ఉన్నచోటే ఉందామా?
నిన్న బ్యాంకు రాసింది:
అక్టోబరు ముప్పై తర్వాత
మీ పాత సిస్టమ్‌కి మా తలుపు తెరుచుకోదు.
చిల్లులున్నాయట, ఇక ఎవరూ మాట్లు వేయరట.
ఆలస్యం అమృతం విషం అంటుంది బ్యాంకు.
నిదానమే ప్రధానం అంటుంది నా చూపుడువేలు.
రెండు సామెతల మధ్య
రాత్రి రెండింటిదాకా మెలకువగా పడుకున్నాను.

సరే.
శుక్రవారం కాదు, సాయం చేసేవాళ్ళంతా
శని ఆదివారాలు పడవల్లో ఉంటారు.
నెలాఖరు కాదు, జీతం పడాలి.
గాలిరోజు అసలే కాదు, కరెంటు పోతుంది.
అన్నీ రెండో డిస్కులోకి.
బ్రెయిలీ పలకకి నిండా ఛార్జి.
ఫోన్‌ని మాత్రం పాతదాంట్లోనే ఉంచాలి,
ఒక చెయ్యి పాత తాడు మీద.
ఫెడోరాకి చెప్పాను:
మంగళవారం పదింటికి
పది నిమిషాలు నీ కళ్ళు అప్పివ్వు.
జాలి వద్దు, వర్ణన వద్దు,
అక్షరాలు చదువు చాలు.

ఇవాళ ఆదివారం.
'తర్వాత గుర్తుచేయి' నొక్కాను.
నలభై రెండోసారి.
ఈసారి అది అబద్ధం కాదు.

కొత్తదాంట్లో ఈ గొంతు ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.
అందుకని ఏళ్ళ తర్వాత వేగం తగ్గించాను,
మనుషులు మాట్లాడే వేగానికి.
వాతావరణం చదవమన్నాను.
అలలు, తేమ, రేపటి గాలి,
నాకు అక్కరలేని ఓడరేవులన్నీ చదివింది.
ఆఖర్న నా పేరు, ఎప్పట్లాగే
తప్పుగా సాగదీసి, ఒండీ...నా, అంది.

దిద్దలేదు.
మళ్ళీ చదవమన్నాను.