మూల తిరిగే కర్ర

ఐత్ ఉజ్రూకి మేం ఎక్కిన రోజు
అచ్చుయంత్రం మీట ఒక కంచరగాడిద మీద,
పెట్టె ఇంకోదాని మీద,
రసమట్టం నా చేతిలో.
దారి పొడుగునా గాలిబుడగ
అటూ ఇటూ పరుగెత్తింది,
ఈ కొండల్లో నిలబడేందుకు చోటు దొరకనట్టు.

నేర్చుకోడానికి పదకొండుమంది వచ్చారు.
పన్నెండోవాడు బీహీ మేస్త్రి.
వచ్చాడనకూడదు నిజానికి.
అక్రోటు చెట్టు కింద
గాడిద తాడు పట్టుకుని నిలబడ్డాడు,
తాడుకి అవతల గాడిద లేకుండా.

ఊళ్లో సగం గోడలు అతను దట్టించినవే.
పలకల నడుమ తడిమట్టి పోసి
దిమ్మిస దెబ్బకో ఊపిరి చొప్పున
నలభై ఏళ్లు.
భూమి కదిలిన రాత్రి
ఆ గోడలు అతనితో మాటైనా చెప్పకుండా
కూలబడ్డాయి.
తమ్ముడి ఇల్లూ అందులోదే.
"ఎవరూ అతన్ని ఒక్క మాటా అనలేదు,"
ఇజ్జా చెప్పింది నాకు, పిండి పిసుకుతూ.
"అదే అతన్ని తినేస్తోంది."

సీసాలో మట్టీ నీళ్లూ పోసి కుదిపాను.
రాత్రంతా కదపకుండా వదిలేస్తే
అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, ఆ పైన బంక.
వచ్చీరాని వాళ్ల భాషలో
"ఇదీ కొలత" అనబోయి
"ఇదీ దూడ" అన్నానట.
మధ్యాహ్నం దాకా నవ్వుతూనే ఉన్నారు.

నవ్వు సద్దుమణిగాక బీహీ చెట్టు వదిలి వచ్చాడు.
చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని
పళ్ల మధ్య నూరి
పక్కకి ఉమ్మేశాడు.
"ఏటిగట్టుది. ఇసుక ఎక్కువ.
పైపొలం ఎర్రమట్టి రెండు పారలు కలుపు."
మళ్లీ చెట్టు కిందికి.
తెల్లారి సీసా కూడా అదే చెప్పింది,
కాస్త ఆలస్యంగా.

ఇద్దర్ మీట మీద వేలాడేవాడు,
కాళ్లు నేలనొదిలి.
వాళ్లలో ఇద్దర్ అంటే బతుకుతాడు అని;
ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే పెట్టే పేరు.
ఆ ఇంట్లోంచి బయటపడింది వాడొక్కడే.

ఒక పూట మేకలొచ్చి
పచ్చి దిమ్మెల మీద నడిచాయి.
పద్నాలుగు దిమ్మెలు, డెక్కల అచ్చులతో సహా, పక్కన పడేశాం.
నాలుగు వారాలు తడిగోనె కింద ఉంచాలన్నాను.
"దిగువ చెలమ నుంచి మేం మోసే నీళ్లు
ఇటుకలు తాగుతాయా?" అని
ఆడవాళ్లు నా మీద లేచారు.
సమాధానం నా దగ్గర లేదు.
మర్నాటి నుంచి మాత్రం
టర్నిప్పులు కడిగిన నీళ్లు గోనెల మీదికే వచ్చాయి.

కిటికీ ఎత్తుకి గోడ లేచాక
కర్రల నిచ్చెన పడుకోబెట్టి
నాలుగు గోడల నడుమూ చుట్టి చూపించాను.
భూమి ఊగితే గోడలు
ఒకదాని చెయ్యి ఒకటి వదలవని.

"ఇది అప్పుడుంటే?"

నా వెనకే ఉన్నాడు బీహీ.
ఎంతసేపటి నుంచో తెలీదు.
ఇద్దర్ మీట ఆగింది.
నా సంచిలో పట్టికలున్నాయి, బొమ్మలున్నాయి.
"చెప్పలేం," అన్నాను.
అబద్ధమని నాకు తెలుసు.
తెలుసని అతనికీ తెలుసు.

వంగి, నేను బిగించిన మూల చూసి
మేకులు పీకేశాడు.
"ఇది అతుకు కాదు, మొహమాటం.
సగానికి సగం చెక్కి
ఒకదాన్నొకటి కొరికేలా కూర్చోబెట్టు."
అని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు తాడుకి అవతల గాడిద ఉంది.
దాని మీద తమ్ముడి ఇంటి దూలాలు,
దుమ్ము కూడా దులపకుండా.

ఒకదాని నడుమ లోతుగా గాడి.
ఇద్దర్ అందులో వేలు పెట్టి
అలాగే ఉండిపోయాడు.
ఏమిటని అడిగాను.
"మజ్జిగ తిత్తి తాడు.
అమ్మ ఇక్కడే ఊపేది."

బీహీ రంపం పక్కన పెట్టాడు.
కాసేపు మూలమట్టం తుడిచాడు,
అది శుభ్రంగానే ఉన్నా.

"గాడి పడ్డచోట కర్ర పలచబడుంటుంది,"
అన్నాడు చివరికి, ఎవరినీ చూడకుండా.
"అక్కడ మేకు కొట్టకండి.
ఆ చివర పట్టుకో రా.
తిప్పు."